గాయం ఒకరిది, గల్లా ఒకరిది

వైద్యం వ్యాపారమైపోయిందని మనం ఎన్నిమార్లు రాసుకోలేదు? ఆ మాట అరిగిపోయిన నాణెం. దాన్ని పట్టుకుని ఆవేశపడటం తేలిక. వ్యాపారం ఏ పద్దు గుండా లోపలికి వచ్చిందో చూడటం కష్టం. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. వైద్యశాస్త్రం తెలియదు, కూడికలు, తీసివేతలు తెలుసు. ఈ విషయానికి ఆ మాత్రం చాలు.

మా మేనమామ కౌలు రైతు. ఆమధ్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాడు. అయిదో రోజున కుట్ల దగ్గర చీము పట్టింది. మళ్లీ చేర్చుకున్నారు, మళ్లీ కోశారు, పన్నెండు రోజులు వుంచారు. రెండో బిల్లు మొదటిదానికి రెట్టింపు అయింది. అందులో దొంగలెక్క లేదు: మందులకింత, గదికింత, కట్టుకింత. "చీము పట్టింది మీ చేతిలోనే గదా, ఖర్చు ఆయనదెట్లా అయింది?" అని అడిగాను. "కాంప్లికేషనండీ, ఎవరికైనా రావచ్చు" అన్నాడు గుమాస్తా. నిజమే. ఎంత గొప్ప సర్జను చేతిలోనైనా రావచ్చు. కాని నేనడిగింది చీము ఎందుకు వచ్చిందని కాదు. దాని డబ్బు ఎటు పోయిందని.

ఈ లెక్కను అమెరికాలో తీసి చూశారు. అక్కడి దక్షిణ ప్రాంతంలో ఒకే యాజమాన్యం కింద వున్న 12 ఆసుపత్రుల 2010 నాటి పద్దులు పరిశీలించి, ఫలితాలను 2013లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించారు. 34,256 ఆపరేషన్లలో 1,820 వికటించాయి. ప్రైవేటు బీమా వున్న రోగికి ఆపరేషన్ సజావుగా జరిగితే, అతని వైద్యానికైన ఖర్చులు పోను ఆసుపత్రికి మిగిలింది 16,936 డాలర్లు. వికటిస్తే మిగిలింది 55,953 డాలర్లు! భవనాలవంటి స్థిర ఖర్చులు ఇందులో చేరలేదు. అయినా తేడా ఎటువైపు మొగ్గిందో కనిపిస్తూనే వున్నది. వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమాలో సైతం, వికటించిన రోగి మీద 1,749 డాలర్లు ఎక్కువే మిగిలాయి.

ఈ అంకెలు చూసి, డాక్టర్లు కావాలనే పుండ్లు చేస్తున్నారని అరిచేవారితో నాకు పేచీ వున్నది. ఆసుపత్రి మీద రాళ్లు రువ్వేవాడు పద్దు పుస్తకాన్ని తాకనైనా తాకడు. రాత్రంతా మేలుకున్న హౌస్ సర్జను తల పగలగొట్టి వస్తాడు. "డాక్టరు దేవుడు, డబ్బు మాట ఎత్తకండి" అనే పెద్దమనుషులతో అంతకంటె పెద్ద పేచీ వున్నది. రోగికి కీడు జరగాలని ఎవరూ కోరుకోనక్కరలేదు. కీడు జరిగినప్పుడు యజమానికి నష్టం రాకపోతే చాలు; దాన్ని ఆపడానికి ఇంకొక నర్సును పెట్టే ఖర్చు దండగగానే కనిపిస్తుంది.

ఆపడం అసాధ్యమా? ఆపరేషన్ గదిలో సరిచూసుకోవలసిన 19 అంశాల జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని అమలుజరిపి చూశారు. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7కు తగ్గాయని 2009లో వెల్లడైంది. ఒక కాగితం, కాస్త ఓపిక, చాలినంతమంది మనుషులు! ఇదేమీ చంద్రమండలం నుంచి తేవలసిన వస్తువు కాదు.

"ప్యాకేజీ పెడితే సరి" అంటారు మరికొందరు. 2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆపరేషన్‌కు ఒకే ధర కట్టారు. అప్పుడు పద్దు తిరగబడుతుంది: వికటిస్తే నష్టం ఆసుపత్రిదే. మంచిదే. కాని ఆ నష్టాన్ని తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, జాగ్రత్త పెంచడం. రెండోది, చక్కెర జబ్బువాణ్ణి, ముసలివాణ్ణి, బక్కచిక్కిన కూలివాణ్ణి గుమ్మంలోనే వద్దనడం. లేదా వికటించాక పెద్దాసుపత్రికి తోలెయ్యడం. అక్కడ బిల్లు వుండదు. మరొక పేదవాడికి దక్కవలసిన మంచం వుండదు. నష్టం మాయం కాలేదు. మంచం మారింది, అంతే!

కనుక డాక్టర్లకు నీతిబోధలు కాదు, లెక్క మారాలి. ఆపరేషన్ జరిగిన 30 రోజుల్లోగా వచ్చే కాంప్లికేషన్లకు రోగి నుంచి పైసా వసూలు చేయరాదు. ముప్పు ఎక్కువున్న రోగిని చేర్చుకున్నవారికి ప్రభుత్వం మొదటే ఎక్కువ ధర కట్టాలి. ఎక్కడ ఎన్ని వికటించాయో ఏటా బహిరంగంగా ప్రకటించాలి. ఇది గొంతెమ్మ కోరికా? కడుపులో పనిముట్టు మరిచిపోవడంవంటి కొన్ని కీడులకు అదనపు సొమ్ము చెల్లించబోమని 2008 అక్టోబరు నుంచి మెడికేర్ అమలుజరిపింది. పెట్టుబడికి పుట్టినిల్లువంటి దేశంలో సాధ్యమైనది మన దగ్గర ఎందుకు కాదు?

మన దేశంలో 2021–22లో ఆరోగ్యం మీద అయిన మొత్తం ఖర్చులో నూటికి 39.4 వంతులు ప్రజలు నేరుగా జేబులోనుంచి పెట్టుకున్నారని సర్కారు లెక్కే చెబుతున్నది. ఆ 39.4లో మా మేనమామవంటివారి గేదెలున్నాయి. ఆయన పాడిగేదెను అమ్మి రెండో బిల్లు కట్టాడు. గాయం మానింది. పాలు కొనుక్కుంటున్నాడు.

మిత్రులారా, మీ వూరి ఆసుపత్రిలో మీరూ అడగండి: ఈ పుండు ఎవరి పద్దులో ఖర్చు, ఎవరి పద్దులో జమ?