హాస్టలు గది లేనివాడికి వేదాంతం వద్దా?

ఈ మధ్య ఒక సంఘ సమావేశంలో కూర్చోవలసి వచ్చింది. లూథరన్ పాస్టర్లకూ, అభిషేకం లేకుండానే సంఘాలను నడుపుతున్న ఉపదేశులకూ, పెద్దలకూ అంతర్జాలం ద్వారా వేదాంత విద్య నేర్పవచ్చునా అన్నది చర్చనీయాంశం. వయసులోనూ చదువులోనూ పెద్దవారైన ఒక వక్త లేచి, "ఫోనులో నేర్చుకున్నది వేదాంతం కాదు, వినోదం" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఆ చప్పట్లకు జవాబే ఈ టపా. చర్చి విషయాలతో పనిలేని మిత్రులు కూడా కాస్త ఓపిక పట్టి చదవాలని మనవి. ఇందులో మన తెలుగు గొడవ కూడా ఉంది.

నేనుండేది నిర్మల్‌లో. ఉత్తర తెలంగాణలో బలమైన సంఘం సి.ఎస్.ఐ. లూథరన్ల పుట్టిల్లు గుంటూరు. 1842 జులై 31న ఫాదర్ హయ్యరు అడుగుపెట్టింది అక్కడే. ఉద్యోగాల కోసమో భూముల కోసమో అటునుంచి ఇటు వచ్చిన కొద్ది కుటుంబాలూ, వారి చుట్టూ చేరిన మరికొందరూ, ఇంతే ఇక్కడి మా బలగం. ఇలాంటి చోట అయ్యగారంటే నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చి సంస్కారం ఇచ్చి వెళ్ళే అతిథి. మిగిలిన ఆదివారాలన్నీ ఉపదేశివే. నాకు తెలిసిన ఒక ఉపదేశికి ఎకరంనర పొలం ఉంది, భార్య బీడీలు చుడుతుంది. రెండు ఊళ్ళ ఆరాధన ఆయనే నడుపుతాడు. జ్వరం వచ్చినవాడి మంచం దగ్గరా ఆయనే, సమాధి దగ్గరా ఆయనే.

కొన్నేళ్ళ క్రితం ఆ ఊరికి గల్ఫు నుంచి ఒక పెట్టె వచ్చింది. లోపల ఉన్నవాడు అప్పుల బాధకు అక్కడే ఉరివేసుకున్నాడు. తల్లి ఉపదేశి దగ్గరికి వచ్చి, నా కొడుక్కి ప్రార్థన చేస్తావా, వాడు దేవుని దగ్గరికి పోతాడా అని అడిగింది. అయ్యగారు ఎక్కడో ఉన్నారు, తెల్లవారితే ఖననం. ఆ రాత్రి ఆయన ఏం చేశాడో తెలుసా? ఫోను తీసి, ఎవరో ప్రసంగీకుడి వీడియో చూశాడు. అలాంటివాడికి నరకమే, ప్రార్థన కూడదు అని ఆ ప్రసంగీకుడు గొంతు చించుకొని చెప్పాడు. మర్నాడు ఆ యువకుణ్ణి ప్రార్థన లేకుండానే పూడ్చారు.

ఇదే ప్రశ్నకు మార్టిన్ లూథరు 1532 ప్రాంతంలో, తన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర జవాబు చెప్పాడు. ఆత్మహత్య చేసుకున్నవారందరూ తప్పక నశించినట్టేనని తాను అనుకోనన్నాడు. అలాంటివాణ్ణి అడవిలో దొంగ చేతిలో హతుడైన బాటసారితో పోల్చాడు. ఈ మాట జనం ముందు బాహాటంగా బోధించరాదని కూడా అన్నాడనుకోండి. కాని ఉపదేశికి తెలియాలా వద్దా? తెలిసి ఉంటే ఆ తల్లి ఏ మాట విని ఇంటికి వెళ్ళేది?

కాబట్టి ఫోనులో వేదాంతం రావచ్చునా అన్న చర్చ వ్యర్థం. అది ఎప్పుడో వచ్చింది. వచ్చినది నాసిరకం, అంతే. మంచిది రాకుండా గుమ్మంలో అడ్డంగా నిలబడినవారు తాము సిద్ధాంతాన్ని కాపాడుతున్నామనుకుంటున్నారు.

లూథరు పేరు పెట్టుకున్నవారు ఇలా మాట్లాడటం మరీ వింత. 1528లో ఆయన సాక్సనీ పల్లెల్లో సంఘాల తనిఖీకి వెళ్ళి, పాస్టర్లకే పరలోక ప్రార్థన సరిగా రాకపోవడం చూసి నిర్ఘాంతపోయాడు. వాళ్ళందరినీ విట్టెన్‌బర్గు వచ్చి నాలుగేళ్ళు హాస్టల్లో ఉండమన్నాడా? లేదు. 1529లో చిన్న కాటకిజం వ్రాశాడు. అది మొదట పుస్తకంగా కూడా రాలేదు. గోడకు తగిలించుకునే పెద్ద కాగితాలుగా అచ్చయింది. ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పుకోవడానికి ఉద్దేశించినది అది. అప్పటికి చేతికందిన కొత్త యంత్రంతో, చదువును మనిషి ఉన్న చోటికే పంపడం. దీన్ని దూరవిద్య అనక మరేమంటారు?

ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణం పధ్నాలుగవ అధికరణాన్ని ఆ పెద్దవారు సభలో ఉదహరించారు. క్రమంగా పిలువబడనిదే ఎవరూ సంఘంలో బోధించరాదు, సంస్కారాలు ఇవ్వరాదు అని అందులో ఉంది. ఉంది, ఒప్పుకుంటాను. కాని ఆ అధికరణం అడిగేది పిలుపును, హాస్టలు గదిని కాదు.

హాస్టలు వాదంలో బలం లేదనడం లేదు. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరన్లూ, బాప్టిస్టులూ, సి.ఎస్.ఐ. వారూ, మెథడిస్టులూ కలిసి చదువుతారు. ఒకే బల్ల దగ్గర తినడం, ఎదుటివాడి చేత తప్పు దిద్దించుకోవడం, గ్రంథాలయంలో దారితప్పి తిరగడం, ఇవి తెరమీద దొరకవు. మన సంఘాల్లో మాల, మాదిగ అన్న గీత ఇంకా చెరగలేదు. బల్లలు కలిసిన చోట అది కొంత పలచబడుతుందన్న మాటా నిజమే. వెళ్ళగలిగినవాడు వెళ్ళవలసిందే. నా పోట్లాట వెళ్ళలేనివాడి పక్షాన. హైదరాబాదు ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాట. "సదువుకోవాలని నాకు గూడ ఉన్నది అయ్యా. గానీ పొలాన్ని, పిల్లల్ని ఎవరి మీద ఇడిచిపెట్టి పోవాలె?" అని మా ఉపదేశి నన్నడిగాడు. ఆయన భార్య సంగతి సరేసరి. ఆమె ఆడవాళ్ళకు వాక్యం చెబుతుంది, ఆమెను చదువుకుంటావా అని అడిగినవారే లేరు.

గురువు పక్కన కూర్చోనిదే విద్య రాదంటారు. మా నిర్మల్‌లో పొనికి కర్రతో బొమ్మలు చెక్కే నకాషీలూ అదే అంటారు. నిజమే. అయితే నకాషీ కుర్రవాడు పని నేర్చుకునేది ఇంట్లో, చేతిలో కర్రతో. సెమినరీ విద్యార్థికి పుస్తకం ఉంది, సంఘం లేదు. ఉపదేశి చేతిలో కర్ర ఎప్పటినుంచో ఉంది, దారి చూపేవాడే లేడు.

ఇది కొత్త ఆలోచన కాదు కూడా. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటీరియన్ సెమినరీ ఒకటి, విద్యార్థులు రాలేకపోతున్నారని గ్రహించి, అధ్యాపకులనే వారి ఊళ్ళకు పంపింది. ఆ పద్ధతి 1971లో బెంగుళూరులో టాఫ్టీ అన్న సంస్థగా మన దేశంలో వేళ్ళూనుకుంది. అమెరికాలో మిస్సోరి సినడు లూథరన్లు, సిద్ధాంత నిష్ఠలో ఎవరికీ తీసిపోనివారు, 2007లో తమ మహాసభలోనే ఒక పద్ధతికి ఆమోదం ఇచ్చారు: అభ్యర్థి తన సంఘంలోనే ఉండి, అనుభవజ్ఞుడైన పాస్టరు పర్యవేక్షణలో, చాలామటుకు అంతర్జాలం ద్వారా చదువుతాడు. అక్కడా పాండిత్యం పలచబడుతుందని గొడవ జరిగింది. గొడవపడుతూనే నేర్పారు.

ఇక ఆన్‌లైను భక్తులతో నాకున్న తగాదా. వీరు చూపించే పాఠాలు చూశాను. అన్నీ ఇంగ్లీషు! గంటసేపు ఇంగ్లీషు ఉపన్యాసం, కింద ఇంగ్లీషు ప్రశ్నలు. మిత్రులారా, తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు ఎవరివో మీకు తెలుసు. మద్రాసులో తెలుగు నేర్చుకున్న లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్, జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చువేయించినవి. వాటిలో 1746 నాటి చిన్న కాటకిజం ఒకటి. సముద్రాలవతల, తెలుగు చదవగలిగినవారు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది కూడా లేని ఊళ్ళో తెలుగు అక్షరాలను అచ్చుకెక్కించగలిగారు. ఇప్పుడు యూనికోడు ఉండి, పది రూపాయల డేటా ఉండి, తెలుగులో ఒక గంట పాఠం రికార్డు చేయలేమా? లేఖినిలో టైపు చేయడం మనకు ఏ కళాశాల నేర్పింది? కావాలనుకున్నాం, ఒకరికొకరం చెప్పుకొని నేర్చుకున్నాం.

డబ్బు కట్టించుకొని ఆరు నెలల్లో డాక్టరేటు చేతిలో పెట్టేవారి సంగతి ఎత్తదలచుకోలేదు. వారిని చూపించి మొత్తం దూరవిద్యనే కొట్టిపారేయడం మాత్రం, కల్తీ పాలు అమ్మారని గేదెను తిట్టడం వంటిది. పరీక్ష గట్టిగా పెట్టండి, నిర్మల్‌లోనే పెట్టండి. నెలకోసారి వచ్చే అయ్యగారు సంస్కారం ఇచ్చాక ఒక పూట ఆగి, ఉపదేశులతో కూర్చొని పాఠం అప్పజెప్పించుకోనీండి. చదివిన చదువును డిప్లొమా లెక్కలో కలపండి. ఇందులో ఖర్చు తక్కువ, కష్టం ఎక్కువ. అందుకే చప్పట్లు కొట్టడం తేలిక.

ఆ రోజు మా ఉపదేశి కూడా సభలో వెనక వరసలో ఉన్నాడు, నోరు విప్పలేదు. బయట టీ తాగుతూ నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "పరీచ్ఛ తెలుగుల రాయనిస్తరా అయ్యా?"