బేరమాడే హక్కు ఎవరిది?

ఏటా దసరాకు ముందు కేంద్ర మంత్రివర్గం రైల్వే ఉద్యోగులకు బోనస్ ప్రకటిస్తుంది. ఆ వార్త వెలువడగానే ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో కొనుగోళ్ల లెక్కలు మొదలవుతాయి. బెంగాలీలకు దుర్గాపూజ, తెలుగువారికి దసరా. ఇద్దరికీ కొత్త బట్టలు కావాలి, ఇంటికి రంగులు కావాలి. 2025లో ప్రకటించిన బోనస్ 78 రోజుల వేతనానికి సమానం. సుమారు 10.91 లక్షల మంది ఉద్యోగులకు వర్తించిన ఆ బోనస్‌లో ఒక్కొక్కరికి గరిష్ఠంగా దక్కేది 17,951 రూపాయలు. అందులో కొంత చీరల దుకాణానికి, కొంత చెప్పుల దుకాణానికి, కొంత దర్జీకి, కొంత రంగులు వేసే పనివాడికి చేరుతుంది. చేరేలోగా ప్రతి వందమీదా బేరం నడుస్తుంది. దీన్ని చిల్లర వ్యవహారంగా కొట్టివేయడం రాజకీయ విశ్లేషణకు అలవాటు. కాని దేశ ఆర్థిక రాజకీయాల్లోని అసలు ప్రశ్న ఈ చిల్లరలోనే దాగి ఉంది. ధర తేలే చోట ఎవరికి నోరు ఉంటుంది? ఎవరికి ఉండదు?

ఖరగ్‌పూర్ రైల్వే కట్టిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షన్‌నూ, పెద్ద వర్క్‌షాపునూ నెలకొల్పినప్పుడు, ఆ కంపెనీ మార్గం వెంబడి ఉన్న ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పెద్ద సంఖ్యలో కుటుంబాలు పని కోసం తరలివచ్చాయి. తరాలు గడిచినా ఇక్కడి తెలుగు నిలిచే ఉంది. గోల్‌బజార్‌లో బేరం ఒక భాషలో మొదలై మరో భాషలో ముగుస్తుంది. బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా అన్నీ అక్కడ చెల్లుతాయి. తెలుగువాడి ‘బోణీ’ బెంగాలీ వర్తకుడి నోట ‘బౌని’. తెలుగింటి ఇల్లాలు అడిగే ‘కొసరు’ అక్కడ ‘ఫావు’. పొద్దున్నే వచ్చిన మొదటి కొనుగోలుదారును వట్టి చేతులతో పంపడానికి ఏ భాష వర్తకుడూ ఇష్టపడడు. బేరానికి ఒక మర్యాద ఉందనీ, ఆ మర్యాద రాష్ట్రాల సరిహద్దులు ఎరుగదనీ చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఆ మర్యాదకు మూలం ఒక్కటే: లేచి వెళ్లిపోగల స్వేచ్ఛ ఇద్దరికీ ఉండడం. చీర ధర పన్నెండు వందలని వర్తకుడు చెబుతాడు. కొనేవారు ఎనిమిది వందలంటారు, రెండడుగులు వెనక్కి వేస్తారు. వర్తకుడు పిలవవచ్చు, పిలవకపోనూవచ్చు. ఈ రోజు అమ్ముడుపోని చీర రేపటికీ చీరగానే ఉంటుంది. పక్క దుకాణంలో మరో చీర దొరుకుతుంది. ఇద్దరిలో ఎవరి అవసరమూ ప్రాణాంతకం కాదు కాబట్టి వెయ్యి దగ్గర కుదిరిన ధర ఇద్దరికీ సమ్మతమే. పొట్లం కట్టిన సరుకుపై ముద్రించే గరిష్ఠ చిల్లర ధర కూడా నిజానికి బేరాన్ని నిషేధించలేదు. దానికి మించి వసూలు చేయరాదని మాత్రమే తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. తగ్గించి అమ్మడానికి అడ్డేమీ లేదు. ‘గరిష్ఠ’ అన్న మాటను మరచి ‘స్థిర’ ధరగా చదవడం వినియోగదారుడే నేర్చుకున్న విధేయత.

బేరమూ, తగ్గింపు అమ్మకమూ ఒకటి కావు. బెంగాల్‌లో నూతన సంవత్సరానికి ముందు చైత్ర మాసపు అమ్మకాలు ఉంటాయి. తెలుగునాట ముహూర్తాలు లేని ఆషాఢంలో తగ్గింపు బోర్డులు వెలుస్తాయి. ఆ తగ్గింపు ఎంతో, ఎప్పుడో, ఏ సరుకు మీదో దుకాణదారు ఒక్కడే నిర్ణయిస్తాడు. బేరంలో ధరను ఇద్దరూ కలిసి తేలుస్తారు. ఒకటి అనుగ్రహం, మరొకటి ఒప్పందం. పౌరుడు అనుగ్రహాన్ని ఒప్పందంగా పొరబడడం బజారులోనే కాదు, ఎన్నికల వాగ్దానాలలోనూ కనిపిస్తుంది.

అయితే సరుకు మీద చెల్లే న్యాయం శ్రమ మీద చెల్లదు. గోల్‌బజార్‌లో చీర కొన్నవారే ఆ తర్వాత జాకెట్టు కుట్టే దర్జీతో, కొళాయి బాగుచేసే ప్లంబర్‌తో, సామాను ఇంటికి చేర్చే టోటో నడిపేవాడితో, తెగిన చెప్పు కుట్టే ముసలివాడితో బేరమాడతారు. మాటలు అవే, పట్టుదల అదే. కాని ఎదుటివాడు అమ్ముతున్నది చీర కాదు, తన పూట. అమ్ముడుపోని పూటను రేపటికి దాచుకోవడం ఎవరి తరమూ కాదు. చీకటి పడితే ఆ పూట సున్నా. ఆ సంగతి అతనికి తెలుసు, కొనేవారికీ తెలుసు. లేచి వెళ్లిపోగల స్వేచ్ఛ ఒక పక్షానికే మిగిలిన చోట జరిగేది బేరం కాదు, ఒత్తిడి. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెతను రైతు తన పంట గురించి చెప్పుకున్నాడు. రోజుకూలీ దాన్ని తన ఒంటి గురించి చెప్పుకోవలసి వస్తోంది.

ఈ తేడాను అందరికంటే ముందు గుర్తించవలసినవారు ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలే. ఒంటరి కార్మికుడు యజమానితో సమానంగా బేరమాడలేడన్న ఎరుక నుంచే ఇక్కడ సంఘం పుట్టింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టినవారిలో వి.వి.గిరి ప్రముఖుడు. 1920ల చివర ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఆ కార్మికులు సాగించిన అహింసాయుత పోరాటానికి ఆయన నాయకత్వం వహించాడు. 1952లో శ్రీకాకుళం ప్రాంతంలోని పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యాడు. తగాదాలను ప్రభుత్వ న్యాయస్థానాలు తీర్పులతో తేల్చడం కంటే, యాజమాన్యమూ సంఘమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలన్నది ఆయన వాదం. కార్మిక చరిత్రలో దానికి ‘గిరి విధానం’ అన్న పేరే నిలిచింది. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినందుకు 1954లో ఆయన మంత్రి పదవినే వదులుకున్నాడు. సమష్టి బేరాన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టిన నాయకుడికి ఖరగ్‌పూర్ తొలి పాఠశాలల్లో ఒకటి.

ఆ సిద్ధాంతానికి కఠిన పరీక్ష 1974లో వచ్చింది. మే 8న మొదలైన దేశవ్యాప్త రైల్వే సమ్మె ఇరవై రోజులు సాగింది. లక్షలాది కార్మికులు పాల్గొన్నారు, వేలాదిమంది జైలుకు వెళ్లారు, ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అప్పటి రాష్ట్రపతి వి.వి.గిరి. ఒకప్పుడు రైల్వే కార్మికుల తరఫున నిలిచిన నాయకుడు రాజ్యాధిపతిగా ఉన్న కాలంలోనే రైల్వే కార్మికులపై రాజ్యం విరుచుకుపడింది. వ్యక్తుల మంచితనం మీద ఆధారపడిన రక్షణ ఎంత బలహీనమో చెప్పే చేదు ఉదాహరణ అది. సమ్మె ఓడింది. కాని సమ్మె డిమాండ్లలో ఒకటైన బోనస్ 1979–80 నుంచి ఉత్పాదకతతో ముడిపడిన రూపంలో అమలులోకి వచ్చింది. నేడు గోల్‌బజార్‌కు చేరే దసరా సొమ్ము ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఒక తరం జైలుకు వెళ్లి ఆడిన బేరానికి ఆలస్యంగా దక్కిన ఫలితం.

సంఘటితంగా బేరమాడి సాధించుకున్న ఆ రూపాయితో, ఏ సంఘమూ లేని దర్జీ కూలిలో యాభై తగ్గించడం ఏ న్యాయం?

దీనికి వినియోగదారుల పక్షాన సమాధానం లేకపోలేదు. పనివాడు మనిషిని చూసి ధర చెబుతాడు, మంచి చొక్కా కనిపిస్తే రెట్టింపు అడుగుతాడు, కాబట్టి తగ్గించమనక తప్పదంటారు. ఇందులో నిజముంది. అందరి జేబులోనూ బోనస్ ఉండదన్నది అంతకంటే పెద్ద నిజం. అదే స్టేషనులో, అదే వర్క్‌షాపులో గుత్తేదారు కింద పనిచేసే వ్యక్తికి శాశ్వత ఉద్యోగికి అందే ఈ దసరా బోనస్ అందదు. అతను యాభై రూపాయల కోసం పట్టుబడితే తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. అయితే ఈ రెండు అభ్యంతరాలూ చివరికి చూపించేది ఒకే లోటును. శ్రమకు బహిరంగంగా తెలిసిన ధర లేదు. కుట్టుకూలి ఎంత, కొళాయి మరమ్మతుకు ఎంత, స్టేషను నుంచి బజారుకు టోటో కిరాయి ఎంత అన్నది పనివారి సంఘాలూ పురపాలక సంస్థా కలిసి తేల్చి, బోర్డు మీద రాసిన నాడు రెట్టింపు అడగడమూ ఉండదు, సగానికి కోయడమూ ఉండదు.

అలా కలిసి తేల్చే వేదికకు చట్టంలో ఒక నమూనా ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో ఏర్పడే విక్రయ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులకే ఉండాలి. సర్వే పూర్తి కాకుండా ఎవరినీ ఖాళీ చేయించరాదు. తోపుడు బండివాడికి ప్రభుత్వంతో బేరమాడే కుర్చీ వేసిన చట్టం అది. కాని అదే చట్టం మొదటి సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: రైల్వే యాజమాన్యంలో, ఆధీనంలో ఉన్న భూములకూ, ఆవరణలకూ, రైళ్లకూ చట్టం వర్తించదు. మరో పట్టణంలో ఇది స్టేషను ప్రాంగణానికి పరిమితమైన చిన్న మినహాయింపు. రైల్వే భూమి మీద లేచిన ఖరగ్‌పూర్‌లో, అందునా రైల్వే స్థలంలో సాగుతున్న గోల్‌బజార్‌లో, అది చట్టాన్నే మింగేసే మినహాయింపు. కొనుగోలుదారుతో రోజంతా బేరమాడే వ్యాపారికి తన భూస్వామితో మాత్రం బేరమాడే దారి లేదు. ఆ భూస్వామి మరెవరో కాదు, కేంద్ర ప్రభుత్వం.

పైకి చూసేకొద్దీ బేరం సన్నగిల్లుతుంది. 2016 సెప్టెంబరు నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో పది శాతం సీట్లు నిండిన ప్రతిసారీ మూల ఛార్జీ ఒక పరిమితి వరకు పది శాతం చొప్పున పెరుగుతూ పోయే పద్ధతి వచ్చింది. ప్రయాణికుడి అవసరాన్ని కొలిచి ధర పెంచడం ఇది. గోల్‌బజార్ వర్తకుడు చొక్కా చూసి ధర చెబితే మోసమంటారు. అదే పని యంత్రం చేస్తే విధానమంటారు. యాప్‌లో పిలిచిన పనివాడితో ఎవరూ బేరమాడరు. ధర తెర మీద ఉంటుంది, పనివాడి వాటా తెర వెనుక తేలుతుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 51 శాతం మద్దతున్న సంఘాన్ని ఏకైక చర్చల సంఘంగా గుర్తిస్తుంది. దానితోపాటే సమ్మెకు పద్నాలుగు రోజుల ముందస్తు నోటీసును తప్పనిసరి చేసింది. రాజీ చర్చలు సాగుతున్నంత కాలం సమ్మెను నిషేధించింది. కార్మికుడిని బల్ల దగ్గరకు పిలిచి, లేచి వెళ్లిపోగల స్వేచ్ఛను కుదించడం ఇది. ఆ స్వేచ్ఛ లేని బేరానికి ఏ గతి పడుతుందో చెప్పులు కుట్టే ముసలివాడిని అడిగితే చెబుతాడు.

పెద్దలతో బేరం అసాధ్యమేమీ కాదని ఇదే తెలుగు సమాజం ఒకసారి రుజువు చేసింది. పశ్చిమ బెంగాల్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలన్న కోరికను 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. కొద్ది నెలల్లోనే శాసనసభ ఎన్నికలు ఉన్నాయి. విడివిడిగా వినతిపత్రాలు ఇచ్చుకున్నవారు ఓటర్ల సమూహంగా కనిపించిన నాడే పాలకులకు ఆ భాష వినిపించింది. ఆ పలుకుబడిని ఇప్పుడు తమకంటే బలహీనుల కోసం వాడవలసిన బాధ్యత వారిపై ఉంది. వీధి వ్యాపారుల చట్టంలోని రైల్వే మినహాయింపును, కనీసం స్థిరమైన బజార్ల వరకైనా, తొలగించాలని ఖరగ్‌పూర్ ఓటర్లు తమ పార్లమెంటు సభ్యుడిని అడగాలి. గుర్తింపు పొందిన రైల్వే సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో గుత్తేదారు కార్మికుడికీ, గోల్‌బజార్ తోపుడు బండికీ చోటివ్వాలి. అంతవరకు వ్యక్తిగతంగా పాటించదగిన నియమం ఒకటుంది. సరుకు మీద బేరమాడవచ్చు, శ్రమ మీద ఆడరాదు. చీర దగ్గర వంద తగ్గించమనడం నేర్పు. దర్జీ దగ్గర యాభై తగ్గించమనడం, ఆ యాభైని జేబులోకి తెచ్చిన చరిత్రను మరచిపోవడం.