సెంటోసా ఫిరంగుల వెనక ఎవరున్నారు?

సింగపూర్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోల్లో సెంటోసా దీవి తప్పకుండా ఉంటుంది. కేబుల్ కారు, బీచ్, యూనివర్సల్ స్టూడియోస్. అదే దీవి పడమటి కొసన సిలోసో కోట ఉంది. రేవుకి వచ్చే దారిని కాపాడటానికి బ్రిటిష్ వాళ్ళు 1870ల చివర్లో మొదలుపెట్టి కట్టిన తీర ఫిరంగి స్థావరం అది. 1970ల్లో సైనిక మ్యూజియం అయింది. సింగపూర్ జపాన్‌కి లొంగిపోయి 80 ఏళ్ళు నిండిన రోజున, అంటే 2022 ఫిబ్రవరి 15న, దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ముందు పేరు దగ్గర ఆగుతాను. సెంటోసా అనేది 1972లో పెట్టిన పేరు. మనం సంతోషం అనే సంస్కృత మాటే మలయ్ భాషలోకి వెళ్ళి ప్రశాంతత అనే అర్థంలో స్థిరపడింది. అంతకుముందు ఆ దీవి పేరు పులావ్ బ్లకాంగ్ మాతి. పులావ్ అంటే దీవి, బ్లకాంగ్ అంటే వెనక, మాతి అంటే చావు. చావు పేరు తీసి సంతోషం పేరు పెట్టారు. టూరిస్టుల కోసం అది సరే. కానీ మ్యూజియం చెయ్యాల్సిన పని వేరు. కొత్త పేరు కింద ఏముందో అది చూపించాలి.

కొంతవరకు ఇలాంటి మ్యూజియాలు ఆ పని చేస్తాయి కూడా. సింగపూర్ ఫిరంగులన్నీ సముద్రం వైపే తిరిగి ఉన్నాయని, జపాన్ వాళ్ళు వెనక నుంచి భూమ్మీద రావడంతో అవి పనికిరాకుండా పోయాయని ఒక కథ చాలాకాలం నడిచింది. నిజానికి చాలా ఫిరంగుల్ని భూమి వైపు తిప్పారు, కాల్చారు. చాంగి దగ్గరున్న 15 అంగుళాల పెద్ద ఫిరంగులకి ఉన్నవి ఓడల ఉక్కు పలకల్ని చీల్చే గుళ్ళు. భూమ్మీద నడిచొచ్చే సైనికుల మీద అవి పెద్దగా పనిచెయ్యలేదు. చరిత్రకారులు ఓపికగా ఈ లెక్క సరిచేశారు. ఫిరంగి ఎటు తిరిగిందో ఇంత శ్రద్ధగా తేల్చుకున్నాం. ఆ ఫిరంగి వెనక ఎవరు నిలబడ్డారు, ఎవర్ని నిలబడనివ్వలేదు అన్నది కూడా అంతే శ్రద్ధగా తేలాలి కదా?

సింగపూర్ తీర ఫిరంగుల మీద బ్రిటిష్ సైనికులతో పాటు హాంగ్‌కాంగ్-సింగపూర్ రాయల్ ఆర్టిలరీ అనే దళం పనిచేసింది. అందులో ఎక్కువమంది పంజాబ్ నుంచి తెచ్చిన సిక్కులు, ముస్లింలు. పంజాబే ఎందుకు? అంతకు వందేళ్ళ ముందు, సిలోసో కోట పుట్టకముందు, అదే సింగపూర్‌కి కాపలా కాసింది మద్రాసు పదాతి దళాల సిపాయిలు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళున్నారు, తమిళులున్నారు, పరయర్ల లాంటి అంటరాని కులాలవాళ్ళూ ఉన్నారు. అసలు ఉత్తరాదిలో సిపాయి అనడానికి ఒకప్పుడు "తిలంగా" అనే మాట వాడేవాళ్ళు. మన తెలుగు నేల పేరే సిపాయికి పేరైంది.

మరి ఆ తిలంగాలు ఏమైపోయారు? 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ అధికారులు ఒక సిద్ధాంతం పట్టుకున్నారు. కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయట, మిగతావాళ్ళ రక్తంలో ఆ సత్తువ లేదట. మద్రాసు సైన్యానికి అధిపతిగా చేసి, 1885 నుంచి 1893 దాకా మొత్తం భారత సైన్యాన్ని నడిపిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ దీనికి పెద్ద దిక్కు. దక్షిణాది సిపాయి పనికిరాడని తేల్చేశాడు. 1892లో మహర్ల భర్తీ ఆగిపోయింది. పుట్టుకని బట్టి పని, పుట్టుకని బట్టి గౌరవం. మనకి ఇది కొత్తా? మన ఊళ్ళో నడిచే కులాన్నే తెల్లదొర "శాస్త్రం" పేరుతో మిలిటరీ కాగితాల మీదికి ఎక్కించాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, నాకు తెలుసు. కోరేగావ్ మాట ఎత్తినప్పుడల్లా వచ్చేదే. "తెల్లోడి జీతం తిని తెల్లోడి కోసం కొట్లాడటం కూడా ఒక గర్వమేనా?" నేనిక్కడ గర్వం గురించి మాట్లాడటం లేదు. సైన్యం తలుపు మూసుకుంటే మనవాళ్ళు పోగొట్టుకున్నది ఒక్క తుపాకీ కాదు. జీతం, పింఛను, ఊరి పెత్తనానికి దూరంగా ఒక నీడ, అన్నిటికన్నా ముఖ్యంగా బడి. అంబేడ్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు, సైనిక బడిలో పంతులు. అక్షరం ఆ ఇంట్లోకి వచ్చిన దారుల్లో పటాలం ఒకటి. ఆ తలుపు మూశాక ఎన్ని ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందో ఊహించుకోండి. మళ్ళీ ప్రాణాల మీదికొచ్చినప్పుడు మాత్రం రక్తం మాట పక్కకి పోయింది. 1941లో మహర్ రెజిమెంట్ కట్టారు. 1943లో చమార్ రెజిమెంట్ కట్టారు, యుద్ధం అయిపోగానే 1946లో రద్దు చేశారు. అవసరం ఉన్నన్నాళ్ళే వీరులం.

సైనికుడికైనా ఎక్కడో ఒక జాబితా ఉంటుంది. సింగపూర్‌లోనే క్రాంజి స్మారకం గోడల మీద, సమాధి తెలియని 24 వేల మందికి పైగా పేర్లు చెక్కారు. భారతీయ సైనికుల పేర్లూ ఉన్నాయి. అది మంచి పని. మరి కూలీల సంగతేంటి?

సింగపూర్‌లో లొంగిపోయిన సైనికుల్లో వేలమందిని జపాన్ వాళ్ళు సయాం-బర్మా రైలుమార్గం పనికి తోలారు. 1942-43లో వేసిన ఆ 415 కిలోమీటర్ల దారికి మలయా రబ్బరు తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలనీ తోలారు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి బతకడానికి ఓడెక్కి పోయిన కుటుంబాలవాళ్ళు. దక్షిణాది నుంచి ఆ తోటలకి పోయినవాళ్ళలో భూమిలేని దళితులు చాలామంది. అక్కడ చనిపోయిన యుద్ధఖైదీలు 12 వేల పైచిలుకు. ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు. కాంచనబురి శ్మశానంలో సుమారు 7 వేల మంది ఖైదీలకి వరసగా సమాధులున్నాయి. కూలీల చావుకి సరైన లెక్కే లేదు, ఉన్నవి అంచనాలే.

నా వాదన ఒకటే. ఫిరంగికి పలక పెట్టినట్టే, ఆ ఫిరంగి చుట్టూ పనిచేసిన మనుషులకీ పలక పెట్టాలి. కొండ తవ్వినవాడు, గుండు మోసినవాడు, అన్నం వండినవాడు, భర్తీ లైన్లో కులం పేరు చెప్పగానే పక్కకి నెట్టబడినవాడు. ఇది సింగపూర్‌కే కాదు, మన దగ్గరున్న ప్రతి కోటకీ వర్తిస్తుంది. గోల్కొండలో చప్పట్లు కొట్టి శబ్దం పైదాకా వినిపించిందని మురిసిపోతాం. ఆ రాళ్ళు పైకెక్కించిన చేతులు ఎవరివని ఎంతమందిమి అడిగాం?

ప్రభుత్వాలు రాస్తాయని కూర్చుంటే కుదరదు. మీ పేటలో రంగూన్ పోయిన ముసలాయన కథ, మలయా పోయి తిరిగిరాని పెదనాయన కథ, పటాలంలో చేరిన తాత కథ ఇంకా ఎవరో ఒకరి నోట్లో ఉంటుంది. ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. పేరు, ఊరు, ఏ రేవులో ఓడెక్కాడు, ఏ పని చేశాడు, ఈ నాలుగు మాటలు రాసి దాచండి. చదువుకున్న మన పిల్లలు రేపు పరిశోధన చెయ్యాలంటే వాళ్ళకి దొరికే మొదటి కాగితం అదే అవుతుంది.

జై భీమ్.