ఇరవై నాలుగు బొమ్మల లెక్క!

హీరో 'నిన్ను వదలనురా!' అని పెదవులు కదిపేశాక, తీరిగ్గా అరసెకను ఆగి ఆ మాట వినపడితే ఎలా ఉంటుంది? విలన్ భయపడటం మాట దేవుడెరుగు, హాల్లో జనం ఈలలేస్తారు. కష్టపడి తీసిన సీను కాస్తా కామెడీ అయి కూర్చుంటుంది!

ఈ ముప్పు ఇవాళ ఎక్కువగా ఎవరికి వస్తోందంటారా? పెద్ద కంపెనీలకు కాదు. పగలంతా హైటెక్ సిటీలోనో, గచ్చిబౌలిలోనో కంప్యూటరు ముందు కూర్చుని, రాత్రి మాదాపూరు హాస్టలు గదిలో మళ్లీ కంప్యూటరే ముందేసుకుని షార్ట్ ఫిల్మ్‌లు కుట్టే మన కుర్రకారుకి. వాళ్లను చూసి నవ్వకండి సుమా! 'ఉయ్యాల జంపాల' (2013) హీరో రాజ్ తరుణ్, 'రన్ రాజా రన్' (2014) దర్శకుడు సుజీత్, 'పెళ్లిచూపులు' (2016) దర్శకుడు తరుణ్ భాస్కర్... అందరూ షార్ట్ ఫిల్మ్‌ల మెట్లెక్కి వచ్చినవాళ్లే. ఈ పది నిమిషాల బొమ్మే రేపు నిర్మాత ముందు పెట్టే విజిటింగ్ కార్డు. అందులో మాట ఒకదారీ మూతి ఒకదారీ అయితే, ఆ నిర్మాత రెండో నిమిషం చూస్తాడా చెప్పండి!

ఇంతకీ తప్పు ఎక్కడ జరుగుతోంది? ఎడిటింగ్ చేసేవాడు మాదాపూరులో ఉంటాడు. గ్రాఫిక్స్ తెలిసిన మిత్రుడు కొండాపూరులో ఉంటాడు. 'ఒరేయ్, ఈ షాట్‌లో కరెంటు తీగలు తీసెయ్' అని ఇతను ముక్క పంపుతాడు. అతను తీసేసి తిరిగి పంపుతాడు. తీగలు పోయాయి, సంతోషం. కానీ తీగలతోపాటు బొమ్మలోని కళా పోయింది, పొడవూ మారింది! వెళ్లిన అమ్మాయి వెళ్లినట్టే పుట్టింటికి తిరిగి రావాలి గానీ, చిక్కి సగమై వస్తే ఎవరికి బాగుంటుంది?

మొదట ఫ్రేముల సంగతి చూద్దాం. మూకీల రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు కాబట్టి వేగానికి ఒక కట్టుబాటు లేదు. మాటొచ్చాక ఆ ఆటలు సాగలేదు. ధ్వని కూడా ఫిల్ము అంచునే పరిగెత్తాలి గనక సెకనుకు 24 బొమ్మలని లెక్క స్థిరపడింది. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) నాటి నుంచి నేటిదాకా వెండితెర లెక్క అదే. రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000 బొమ్మలన్నమాట!

టీవీవారి లెక్క వేరు. మన దేశంలోని పాల్ పద్ధతిలో సెకనుకు 25. సినిమాను ఆ వేగానికి తిప్పితే 150 నిమిషాల బొమ్మ 144 నిమిషాల్లో ముగుస్తుంది, గొంతులూ కాస్త కీచుగా వినిపిస్తాయి. అమెరికా టీవీది 29.97. దానికి తగ్గట్టు సినిమా లెక్కను కూడా వాళ్లు 23.976 చేసుకున్నారు. సెల్‌ఫోన్లది సాధారణంగా 30. అందులోనూ చాలా ఫోన్లు స్థిరంగా ఉండవు, వెలుతురు తగ్గితే బొమ్మల సంఖ్యనూ తగ్గించేస్తాయి!

'24కీ 23.976కీ తేడా ఎంతని?' అంటారేమో. వెయ్యింట ఒక వంతే. కానీ బొమ్మ ఒక లెక్కలో, శబ్దం ఇంకో లెక్కలో నడిస్తే పది నిమిషాలయ్యేసరికి ఆ తేడా 0.6 సెకను. అంటే పద్నాలుగు బొమ్మలు! మొదటి సీనులో ఎవరూ కనిపెట్టరు. క్లైమాక్స్‌లో పరువు పోతుంది. ఇక 30 బొమ్మల ముక్కను 24 వరుసలో పెడితే సాఫ్ట్‌వేరు సెకనుకు ఆరు బొమ్మల్ని నిర్దాక్షిణ్యంగా మింగేస్తుంది. హీరోయిన్ నడక వయ్యారంగా ఉండాల్సింది పోయి కుంటినడక అవుతుంది.

ఈ తంటా కొత్తది కాదండోయ్! ద్విపాత్రాభినయాల రోజులు గుర్తుతెచ్చుకోండి. లెన్సుకు సగం మూత పెట్టి ఒక పాత్రను తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగంలో ఇంకో పాత్రను తీసేవారు. వెనక్కి తిప్పడంలో ఫ్రేముల లెక్క తప్పిందా, అన్న అడిగిన ప్రశ్నకు తమ్ముడు ముందే జవాబు చెప్పేస్తాడు! 'పాతాళ భైరవి' (1951), 'మాయాబజార్' (1957)లకు మాయలు పండించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే కాలంలో కంప్యూటరు లేదు. కానీ లెక్క ఉంది.

రెండోది కోడెక్. పెద్ద మాటలా ఉంది గానీ, బొమ్మను మడతపెట్టి మూటగట్టే పద్ధతి పేరే కోడెక్. ఫోన్లో వాడే హెచ్.264 మహా పొదుపరి. అప్పుడప్పుడూ ఒక్క బొమ్మను పూర్తిగా దాచి, మధ్యవాటికి 'ముందుదానికీ దీనికీ తేడా ఇది' అని మాత్రం రాసుకుంటుంది. చూడ్డానికి ఆ పొదుపు మంచిదే. కానీ ముక్కను బయటికి పంపిన ప్రతిసారీ మళ్లీ మూట, మళ్లీ నలుగుడు! వీడియో క్యాసెట్‌కు కాపీ, ఆ కాపీకి మరో కాపీ తీస్తే మొహాలు అలుక్కుపోయేవని మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. ఇదీ ఆ బాపతే.

అందుకే రాకపోకలకు ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ వంటివి వాడతారు. ఇవి ప్రతి బొమ్మనూ విడిగా, పూర్తిగా దాస్తాయి. ఒకటి రెండుసార్లు వెళ్లొచ్చినా కంటికి తేడా తెలియదు. అయితే ఉచితంగా ఏదీ రాదుగా! ఫుల్ హెచ్‌డీలో 24 ఫ్రేములతో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ నిమిషానికి సుమారు 1.3 జీబీ తింటుంది. పది నిమిషాలకు 13 జీబీ. అందుకే మొత్తం సినిమా పంపకండి, కావలసిన షాటు మాత్రమే పంపండి.

పెద్ద స్టూడియోలవారు ఇంకో అడుగు ముందుకేసి, ఒక్కో బొమ్మనూ నెంబరు వేసిన విడి ఫైలుగా పంపుకుంటారు. 'లైఫ్ ఆఫ్ పై' (2012)లో ఆ పులిని చూసి నోరెళ్లబెట్టాం కదూ? గ్రాఫిక్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు అప్పట్లో మన హైదరాబాదులోనూ శాఖ ఉండేది. ఒకే సినిమా పని లాస్ ఏంజెలెస్ నుంచి మన ఊరిదాకా చేతులు మారింది. అన్ని ఊళ్ల మధ్య ఒక్క బొమ్మ జారినా పులి ఒక చోట, పడవ ఒక చోట! ఆ సినిమా గ్రాఫిక్స్‌కు 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది. అదే నెలలో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. వెండితెర విచిత్రాలు ఇలాగే ఉంటాయి మరి! 'ఈగ' (2012)కు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు తెచ్చిన మకుట సంస్థా మన హైదరాబాదుదేనని మరవకండి.

సరే, కుర్రకారు చేయాల్సిందేమిటి? షూటింగు ముందే ఒక లెక్క, 24 గానీ 25 గానీ, ఖాయం చేసుకుని కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. శబ్దానికి 48,000 హెర్ట్జ్ అని కూడా రాయండి. ఫోనుతో తీస్తే, ఎడిటింగ్ మొదలెట్టకముందే హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి. ముక్క పంపేటప్పుడు ముందూ వెనకా ఓ పది బొమ్మలు అదనంగా ఉంచండి. గ్రాఫిక్స్ మిత్రుడు అదే ఫ్రేమ్ రేటు, అదే సైజు, అదే కోడెక్‌లో తిరిగి పంపాలి. వెనక ఖాళీగా ఉండాల్సిన టైటిలో, పొగో అయితే మాత్రం ప్రోరెస్ 4444 అడగండి. పారదర్శకతను అది మోసుకొస్తుంది, 422 మోయలేదు.

తిరిగొచ్చిన ముక్కను పరీక్షించడానికి ఓ చిట్కా ఉంది. దాన్ని టైమ్‌లైన్‌లో అసలు ముక్క మీదే పెట్టి, బ్లెండ్ మోడ్‌లో 'డిఫరెన్స్' నొక్కండి. తెరంతా నల్లగా ఉండి, మీ మిత్రుడు పనిచేసిన చోటు మాత్రమే కనబడితే జేజేలు! మనుషుల అంచులు దెయ్యాల్లా మెరిస్తే ఎక్కడో ఒక బొమ్మ జారిందని అర్థం. అసలు పనికి ముందు పది సెకన్ల ముక్కతో ఈ పరీక్ష చేస్తే, పోటీకి పంపాల్సిన రోజు తెల్లవారుజామున నెత్తి కొట్టుకునే బాధ తప్పుతుంది.

కథ మీది, కష్టం మీది. లెక్క ఒక్కటీ సరిచూసుకుంటే మీ హీరో మాట హీరో నోటినుంచే వస్తుంది. రంగుల సంగతి అడిగినవాళ్లు కాస్త ఓపిక పట్టండి... వచ్చేవారం ఆ ముచ్చటే!