భయపెట్టని దయ్యాలు

పండగపూట ఒంటరిగా భోంచేయడం ఎలా ఉంటుందో అశోక్‌నగర్‌ హాస్టళ్లలో అడగాలి. గ్రూప్స్‌ కోసం జిల్లాల నుంచొచ్చి, పొద్దంతా చిక్కడపల్లి సెంట్రల్‌ లైబ్రరీలో కూర్చునే కుర్రాళ్లకి అది కొత్తకాదు. 1940లో వచ్చిన 'బియాండ్‌ టుమారో' అచ్చం వాళ్లకోసం తీసినట్టే ఉంటుంది.

న్యూయార్క్‌. క్రిస్మస్‌ ముందురోజు రాత్రి. ముగ్గురు ముసలి స్నేహితులు... డబ్బుకు లోటులేదు, నా అనేవాళ్లే లేరు. విందుకు పిలిచినవాళ్లు రామన్నారు. దాంతో తలో పర్సులో పది డాలర్లూ ఓ చిరునామా కార్డూ పెట్టి కిటికీలోంచి వీధిలోకి విసిరేస్తారు. తెచ్చిచ్చినవాళ్లే అతిథులు! రెండు తిరిగొస్తాయి. ఒకటి తెచ్చింది టెక్సాస్‌ కుర్రాడు, రెండోది ఓ అమ్మాయి. ఇద్దరూ ప్రేమలో పడతారు. మూడోది ఓ నటికి దొరుకుతుంది, రాదు. తర్వాత గొడవంతా ఆవిడతోనే.

విమానం వద్దు, రైల్లో వెళ్లండని ఇల్లు చూసుకునే మేడమ్‌ తాన్యా బతిమాలినా వినరు. ప్రమాదంలో ముగ్గురూ పోతారు. దయ్యాలై ఇంటికే తిరిగొస్తారు.

మంచి దయ్యం మనకూ ఉంది. 2016 సంక్రాంతికి వచ్చిన 'సోగ్గాడే చిన్నినాయనా'లో బంగార్రాజు విడాకుల దాకా వెళ్లిన కొడుకునీ కోడల్నీ కలపడానికే కిందికి దిగుతాడు. అవసరమైతే కొడుకు ఒంట్లో దూరి పని చక్కబెట్టేస్తాడు. నాగార్జున దయ్యం కదా, ఆ మాత్రం హుషారుండాలి!

హాలీవుడ్‌ తాతలకు ఆ వీల్లేదు. పాటగాడిగా పేరొచ్చిన కుర్రాడు నటి మోజులో అమ్మాయిని మరిచిపోతుంటే పక్కనే నిలబడి చూడ్డమే. ఇద్దరు తాతలు ముందే వెళ్లిపోతారు. మూడో ఆయన మైఖేల్‌కీ పిలుపొస్తుంది. ఇప్పుడు రాకపోతే ఎప్పటికీ భూమ్మీదే తిరుగుతుండాలని హెచ్చరిక. అయినా కదలడు... కుర్రాణ్ని వదలలేక. చార్లెస్‌ విన్నింగర్‌ ఆ సన్నివేశాన్ని కన్నీళ్లూ కేకలూ లేకుండా లాక్కొచ్చాడు. సినిమాకి ప్రాణం అదే. చివర్లో తుపాకీ, ఆస్పత్రి హడావుడి మాత్రం మన పాత సినిమాల్నే గుర్తుచేస్తుంది.

నిడివి గంటన్నర లోపే. హక్కుల గడువు తీరిపోవడంతో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రంగులద్దిన ప్రతి 'బియాండ్‌ క్రిస్మస్‌' పేరుతో ఉంటుంది, దాని జోలికెళ్లకండి. నలుపు తెలుపుల్లోనే బాగుంటుంది. నారాయణగూడ నుంచి ఓ బిర్యానీ పొట్లం, గదిలో ఓ ల్యాప్‌టాప్‌ చాలు. పక్కగది కుర్రాడు ఊరెళ్లకుండా ఉండిపోయాడేమో, అతణ్నీ పిలవండి.