ఊక బూడిదలో ఉన్న చదువు

సింధనూరు, మాన్వి క్యాంపుల్లో రైసుమిల్లు వెనక ఊక బూడిద గుట్టలు చూడని మనవాళ్లుండరు. పదార్థ విజ్ఞానంలో ఎం.టెక్. చేస్తానన్న పిల్లల్ని "దాంతో ఏమొస్తుంది?" అని అడిగే తల్లిదండ్రులకు ఆ గుట్టే జవాబు.

ఊక కాలిస్తే సుమారు అయిదో వంతు బూడిద మిగులుతుంది. అందులో నూటికి 85 పాళ్లకు పైగా సిలికాయే. 700 డిగ్రీల సెల్సియస్ మించకుండా కాలిస్తే అది సున్నంతో కలిసి గట్టిపడుతుంది, సిమెంటులో కలపవచ్చు. వేడి మితిమీరితే స్ఫటికాలు కడుతుంది. అప్పుడు సిమెంటుకు అంతగా పనికిరాదు సరికదా, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఎక్స్‌రేలతో ఆ తేడా పట్టుకోవడం, వచ్చిన అంకెలు నమ్మదగినవో కావో తేల్చడం, బాయిలరు వేడి గురించి మిల్లు యజమానికి అర్థమయ్యేలా చెప్పడం పీజీలో అలవడాలి. (చివరిదే కష్టమని నా అభిప్రాయం!)

శక్తినగర్ థర్మల్ కేంద్రం బొగ్గు బూడిదకూ, హట్టి గనుల ఖనిజానికీ ఇదే విద్య. భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఎమ్మెస్సీ చేసినవారికి కూడా చాలాచోట్ల ఎం.టెక్. ప్రవేశముంది; గేట్ రాయాలి. చేరేముందు ఒక్కటి కనుక్కోండి: అక్కడి యంత్రాలను విద్యార్థి చేతికిస్తారా, దూరం నుంచి చూపించి పంపుతారా?