గదిలో సూర్యుడు, పొలంలో సూర్యుడు

సైన్సు చదివే మన చేతులకు మట్టి అంటదు, సోల్డరింగు మసి కూడా అంటదు అని పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. బోటనీ రికార్డులో ఆకు బొమ్మ వేస్తాం. ఫిజిక్సు రికార్డులో ఓమ్ నియమం రాస్తాం. రెండు రికార్డులూ ఒకే సంచిలో పక్కపక్కనే ఉంటాయి గానీ, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. వాటిని కలిపే పని ఒకటుంది. ఇంట్లో మొక్కలు పెంచడానికి రంగుల ఎల్.ఇ.డి. దీపాన్ని సొంతంగా తయారు చేసుకోవడమే ఆ పని. సైన్సు విద్యార్థులందరూ ఒక్కసారైనా ఈ పని చెయ్యాలనీ, చేసినవారు దాని గురించి గొప్పలు చెప్పకూడదనీ నా అభిప్రాయం.

నేనుండే హఫీజ్‌పేట్ ఒకప్పుడు పల్లె. శేరిలింగంపల్లి మునిసిపాలిటీతో పాటు 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఇవాళ అక్కడ అద్దెగది కిటికీ తెరిస్తే చాలాచోట్ల ఎదురింటి గోడే కనిపిస్తుంది. అలాంటి గదిలో కొత్తిమీర చల్లితే మొలక వెలుగు వెతుక్కుంటూ దారంలా సాగి, పాలిపోయి, పడిపోతుంది. తప్పు విత్తనానిదీ కాదు, నీళ్ళదీ కాదు. వెలుతురు చాలలేదు, అంతే.

మరి ఎలాంటి వెలుతురు కావాలి? 1882లో ఏంగెల్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త సన్నని నాచు పోగు మీద పట్టకం నుంచి వచ్చే రంగులు పడేలా చేశాడు. ఆక్సిజన్ కోసం వెతికే బాక్టీరియా ఎరుపు, నీలం పడినచోటే ఎక్కువగా గుమిగూడింది. పత్రహరితానికి ఇష్టమైన రంగులు అలా బయటపడ్డాయి. ఆకుపచ్చ రంగు పూర్తిగా వ్యర్థమని కాదు, ఆకు దాన్నీ కొంత వాడుకుంటుంది. కాని చిన్న దీపానికి 660 నానోమీటర్ల ఎరుపు, 450 నానోమీటర్ల నీలం సరిపోతాయి. కంటికి కనిపించే ఎర్రని ఎల్.ఇ.డి.ని హోలోన్యాక్ 1962లోనే వెలిగించాడు. ప్రకాశవంతమైన నీలం కోసం మాత్రం ప్రపంచం 1990ల దాకా ఆగవలసి వచ్చింది. అది సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆనాటి మహా ఆవిష్కరణ ఈనాడు కోఠి గుజరాతీ గల్లీలో చిల్లరగా దొరుకుతున్నదంటే ఆశ్చర్యం కాదా!

తయారీ కష్టం కాదు. ఒక వాటు ఎర్ర ఎల్.ఇ.డి.లు ఆరు, నీలివి రెండు తీసుకోండి. ఎరుపు ఒక్కొక్కదానికి సుమారు 2.2 వోల్టులు, నీలానికి 3.2 వోల్టులు కావాలి. అన్నింటినీ వరుసగా, అంటే సిరీస్‌లో కలిపితే 19.6 వోల్టులు. 24 వోల్టుల అడాప్టరు పెడితే 4.4 వోల్టులు మిగులుతాయి. దారిలో 15 ఓములు, 3 వాట్ల రెసిస్టరు పెడితే సుమారు 0.3 ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఓమ్ నియమం పరీక్ష కోసం పుట్టలేదని అప్పుడు తెలుస్తుంది! ఎల్.ఇ.డి.లను అల్యూమినియం రేకు మీద బిగించాలి. లేకపోతే వేడికి త్వరగా చెడిపోతాయి. 230 వోల్టుల మెయిన్స్‌తో చెలగాటం వద్దు, మంచి అడాప్టరు కొనండి. మొత్తం 7 వాట్ల దీపం, రోజుకు 14 గంటలు వెలిగినా పది రోజులకు ఒక్క యూనిట్. అడుగు చదరం ట్రేలో మెంతికూర పచ్చగా నిలబడుతుంది.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. కాని ఐ.టి. కంపెనీల నడుమ తిరుగుతుంటే ఇంకో మాట వినిపిస్తుంది: “ఇక వ్యవసాయమంతా బిల్డింగుల్లోనే. పొలాలతో పనేముంది?” మాది వ్యవసాయ కుటుంబం. నా దీపం చూసి మా నాయన అడిగిన ప్రశ్న ఒక్కటే: “గీ లైటు కింద వరి పండుతదా బిడ్డా?” ఆ ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పాలి.

మన ప్రాంతంలో చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున 5 యూనిట్ల సూర్యశక్తి పడుతుంది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే రోజుకు 20 వేల యూనిట్లు. అందులో ఆకు వాడుకోగల వెలుగు సగం లోపే అనవచ్చు, నిజమే. కాని మామూలు ఎల్.ఇ.డి. కూడా కరెంటులో దాదాపు సగాన్నే వెలుగుగా మారుస్తుంది. కాబట్టి లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది. యూనిట్ 5 రూపాయలే అనుకున్నా ఎకరానికి రోజుకు లక్ష రూపాయలు! 120 రోజుల వరికి కోటి ఇరవై లక్షలు. ఆ ఎకరం మీద రైతు చేతికి వచ్చేది మాత్రం వేలల్లో. సూర్యుడిలో పావు వంతు వెలుగుతో సరిపెట్టినా ఖర్చు లక్షలు దాటుతుంది. పొలాన్ని ప్లాట్లు చేసి, దానికి బదులు దీపాలు వెలిగిస్తామనేవారు ముందు ఈ గుణకారం చెయ్యాలి.

అయితే దీపం రైతుకు పనికిరాదా? తప్పక పనికొస్తుంది, దాని చోట అది ఉంటే. మన తెలుగు రాష్ట్రాల్లో డ్రాగన్ ఫ్రూట్ తోటల్లో రాత్రిపూట ఎల్.ఇ.డి.లు వెలిగించి, కాలం కాని కాలంలో పూత తెప్పిస్తున్న రైతులున్నారు. అక్కడ దీపం మొక్కకు తిండి పెట్టడం లేదు. రాత్రిని చిన్నది చేసి చూపిస్తున్నది, అంతే. 1972లో పటాన్‌చెరులో స్థాపించిన ఇక్రిశాట్ హఫీజ్‌పేట్‌కు దూరమేమీ కాదు. అక్కడ దీపాల వెలుగులో శనగ వంటి పంటల తరాలను వేగంగా పెంచి, కొత్త వంగడాల కోసం కృషి చేస్తున్నారు. రోజుకు 22 గంటలు వెలుతురు ఇస్తే గోధుమ, శనగల్లో ఏడాదికి ఆరు తరాల దాకా సాధ్యమని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ గదిలో పుట్టిన విత్తనం చివరికి చేరవలసింది పొలానికే గదా!

అందుచేత మన విద్యార్థి సంఘానికీ, అధ్యాపకులకూ ఒక విన్నపం. బోటనీ, ఫిజిక్సు శాఖలు కలిసి ల్యాబులో ఒక అలమర కేటాయించాలి. ఒక అరకు ఎరుపు, ఒక అరకు నీలం, ఒక అరకు రెండూ కలిపి, ఇంకో ట్రే ఆరుబయట ఎండలో. నాలుగింటా ఒకే కొలత మెంతులు చల్లి, పదిహేను రోజులకు కోసి తూకం వెయ్యాలి. రికార్డు చూసి రికార్డు రాసే అలవాటుకు అంతకు మించిన మందు లేదు.

పూర్వ విద్యార్థులు తలా కొంచెం సాయం చేస్తే ఖర్చు పెద్ద సమస్య కాదు. మిత్రులారా, ఈ ఏడాదే మొదలుపెడదాం. పక్క పల్లెల రైతులను కూడా పిలిచి ఆ నాలుగు ట్రేలు చూపిద్దాం. మనం చదివిన చదువుకు వాళ్ళు అడిగే ప్రశ్నలే అసలైన పరీక్ష.